చివరి మడికి మొదటి నీరు

కాలువల ఇంజనీర్లుగా కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు అరసవల్లిలో మా ఇంటికి వస్తుంటారు. దేవుడి దర్శనం అయ్యాక, ఎలాగూ దారే కదా, ఈ పెద్దాయన్ని కూడా చూసిపోదామని వాళ్ల ఉద్దేశం. కాఫీ చేతికివ్వగానే అందరూ ఒకటే అడుగుతారు. "సార్, ఫీల్డులో ఎలా నెగ్గుకురావాలి?" నేను చెప్పడం మొదలుపెడితే కాఫీ చల్లారిపోతుంది. "రాసి పారేయండి, పిల్లలు కాఫీ అయినా వేడిగా తాగుతారు" అంది మా ఆవిడ. అందుకని రాస్తున్నాను.

ఇందులో నా ప్రమోషన్లు, బదిలీలు, బిల్లుల గొడవలు ఉండవు. అవి అందరికీ ఒకలాగే ఉంటాయి, ఒకలాగే విసిగిస్తాయి. ఒక్క కాలువ గురించి చెబుతాను. గెడ్డ మీద, అంటే వాగు మీద, చిన్న ఆనకట్ట కట్టి, సముద్రం వైపు తవ్వుకుంటూ పోయిన పాత కాలువ అది. ఆనకట్టను ఆనుకుని ఉన్న మొదటి ఊరిని పెద్దపేట అంటాను. ఇసక దిబ్బల దగ్గర కాలువ ఆగిపోయే చివరి ఊరిని ఇసకపాలెం అంటాను. ఊళ్ల పేర్లు, మనుషుల పేర్లు మార్చాను. వాళ్ల మాటలు మాత్రం మార్చబుద్ధి కాలేదు.

ముందుగా ఒక్క సంగతి గుర్తుంచుకోండి. శివారు పొలం ఎండితే మనం శివారుకే పరిగెడతాం. రోగం అక్కడ కనిపిస్తుందే గాని అక్కడ పుట్టదు. ఇది నాకు చదువులో ఎవరూ చెప్పలేదు. చెప్పినా నేను వినేవాణ్ణి కాదేమో, ఆ వయసులో నాకు అన్నీ తెలుసు.

పెద్దపేట పెద్దరికం

పెద్దపేట బుగతల ఊరు. బుగతలంటే మా వైపు భూమున్న పెద్ద రైతులు. పంచె అంచు తడవకుండా బతికినవాళ్లని మీరనుకుంటే పొరపాటు. వెనక ఆ ఊళ్లో ఒక కట్టుబాటు ఉండేది. తొలకరికి ముందు చాటింపు వేసేవారు. ఇంటికో మనిషి పార పట్టుకుని కాలువలోకి దిగాలి. బుగత ఇంటి నుంచి బుగతే దిగాలి. తన బదులు కంబారిని, అంటే పాలేరుని పంపితే ఊరంతా ఏడాది పొడుగునా ఆటపట్టించేది. "నడుం నొప్పి తగ్గిందేటి బావా?" అని పెళ్లి భోజనాల్లో కూడా అడిగేవారట.

నేను ఆ సెక్షనుకి వచ్చేనాటికి నీటి సంఘం అధ్యక్షుడు సూర్యనారాయణ నాయుడు గారు. అంతకుముందు వాళ్ల నాన్న. మంచి మనిషి, ఈ మాట మొహమాటం లేకుండా రాస్తున్నాను. ఇంటికి ఎవరెళ్లినా చల్ల ఇవ్వకుండా పంపేవాడు కాదు. తగవు వస్తే తన మనిషిదే తప్పని చెప్పగలిగిన ధైర్యం కూడా ఉండేది. ఆయన్ని ఇందులో దోషిగా చూపించడం నాకు ఇష్టం లేదు, నిజమూ కాదు.

మరి ఏం జరిగింది? పూడిక ఇకపై మేమే తీయిస్తామని మా శాఖ చెప్పింది. మంచికే చెప్పింది. ఊరు సంతోషించి పారలు అటకెక్కించింది. రోడ్డు పక్క పొలాలు ఒక్కొక్కటే ప్లాట్లయ్యాయి, రాళ్లు పాతారు. మిగిలిన భూముల్ని బుగతలు కౌలుకిచ్చి ఒకరు నరసన్నపేటలో షాపు పెట్టుకున్నారు, ఒకరు కాంట్రాక్టుల్లోకి దిగారు. నీటి సంఘం మీటింగు మాత్రం ఎప్పట్లాగే నాయుడు గారి వరండాలోనే జరిగేది. అక్కడ కూర్చుని చూస్తే చిత్రంగా ఉండేది. మీటింగుకి వచ్చేవాడికి పొలం పని లేదు. పొలం పని చేసే కౌలురైతుకి మీటింగులో కుర్చీ లేదు. చల్ల తాగి, రాజకీయాలు మాట్లాడుకుని, అవతలి ఊళ్లవాళ్లకి క్రమశిక్షణ లేదని తీర్మానించి లేచేవారు.

ఒకసారి నేను ఉండబట్టలేక, "వెనకటి చాటింపు మళ్లీ వేయిస్తే ఎలా ఉంటుందండీ?" అన్నాను.

ఆయన నవ్వాడు గాని, మొహంలో నవ్వు లేదు. "ఎవులొస్తారు బాబూ? కాలవ గవర్మెంటుదంటన్నారు. నాను దిగితే నాలుగు రోజులు జాలిపడతారు, ఐదో రోజు వీడియో తీస్తారు."

కలిగిన ఊళ్లు ఇలాగే సన్నబడతాయి. ఎవరూ ద్రోహం చేయరు. నీళ్లు ఎలాగూ వస్తున్నాయి కదా అనుకుంటారు. తిలాపాపం తలా పిడికెడు. కాలువలో గుర్రపుడెక్క పట్టింది, గట్లు జారాయి. మొదటి ఊరు కాబట్టి ఉన్న కాస్త నీరూ అక్కడే దిగిపోయేది, పెద్దపేటకి ఏమీ తెలిసేది కాదు. తెలిసినవాళ్లు చివర ఉన్నారు. వాళ్ల మాట వరండా దాకా వచ్చేది కాదు.

మా పెద్దాయన సిమెంటు

అప్పటి మా పెద్ద ఇంజనీరు నిజాయితీపరుడు. ఒకరి టీ కూడా తాగేవాడు కాదు. ఆయనకి ఒకే సూత్రం. "తల బాగుంటే తోక దానంతటదే బాగుంటుందయ్యా." వచ్చిన నిధులన్నీ ఆనకట్ట దగ్గరే పెట్టించాడు. పెద్దపేట మేర కాలువకి సిమెంటు లైనింగు పడింది, గట్టు మీద జీపు రోడ్డు పడింది. ఆ జీపు ఎంతవరకు వెళుతుందో ఆయన కాలువ అంతవరకే.

లైనింగు అద్దంలా వచ్చింది. నేనూ ముచ్చటపడ్డాను. నీరు వదిలాక అసలు కథ బయటపడింది. నున్నటి కాలువలో నీరు పరుగు అందుకుంటుంది, పరుగెత్తే నీటికి లోతు తగ్గుతుంది. పాత మదుములు, అంటే పొలంలోకి నీరు మళ్లించే తలుపులు, వెనకటి నీటిమట్టానికి కట్టినవి. వాటి అంచుకి ఇప్పుడు నీరు అందలేదు. పెద్దపేటవాళ్లు కాలువలో నీళ్లు చూస్తూ మడి తడవక మండిపడి, గునపాలతో లైనింగుకి కన్నాలు పెట్టారు. ఆ కన్నాల వెంట గట్టు కోసుకుపోయింది. పగిలిన పలకలు కాలువలోనే పడ్డాయి, వాటికి గుర్రపుడెక్క తగులుకుంది. మొదటి ఊరు కూడా ఎండటం అప్పటినుంచే మొదలు. పుండు ఒకచోట, మందు ఒకచోట అంటారే, ఇక్కడ మందే కొత్త పుండు చేసింది.

ఆయన్ని తిట్టుకోకండి. పై నుంచి చూసే ఎవరికైనా తల ఒక్కటే కనిపిస్తుంది. మీరు కూడా రేపు జీపు ఎక్కుతారు. రోడ్డు ఆగిన చోట దిగి నడవండి, అంతే నేను అడిగేది.

ఇసకపాలెం లెక్క

నేను దిగి నడిచింది గొప్పతనం వల్ల కాదు, జీపు పాడైంది. సాయంత్రానికి ఇసకపాలెం చేరాను. ఊళ్లో మగవాళ్లు తక్కువ. చాలామంది మద్రాసులో భవనాల పనికి వెళ్లినవాళ్లే. వ్యవసాయం ఆడవాళ్లది, ముసలివాళ్లది. కాలువలో నీరు సన్నగా, పొద్దు గుంకేలోగా ఆగిపోయేలా ఉంది. వింతేమిటంటే, ఊరి మొదట్లో ఉన్న మళ్లు పొడిగా ఉన్నాయి, చిట్టచివర మడి తడిసి ఉంది. మదుములు తప్పుగా తెరిచారనుకుని ఒడ్డున పార పట్టుకుని నిలబడ్డ ఒకామెని కసిరాను.

ఆమె గవరమ్మ. నలభై దాటి ఉంటాయి. ఆ చివరి మడి ఆమెదే. "తప్పేటి బాబూ? మా లెక్క ఇంతే. ఆఖరోడిది ముందు, ముందోడిది ఆఖరు" అంది.

కొన్నేళ్ల కింద ఆ ఊళ్లో వంతు కోసం తలలు పగిలాయట. ఆ గొడవల తర్వాత ఊరు కూర్చుని పెట్టుకున్న కట్టుబాటు అది. ఎండిన కాలువలో నీటిని చివరిదాకా తీసుకెళితే దారిలో ఇసక సగం తాగేస్తుందని నేను వాదించాను. లెక్క ప్రకారం నాదే ఒప్పు, ఇప్పటికీ నాదే ఒప్పు.

"తాగుతాది. కాదన్నానేటి?" అంది గవరమ్మ. "గానీ ముందోడి మడి ముందు తడిసిపోతే ఇంటికెల్లి తొంగుంటాడు. ఎనకోడిది తడిస్తేగానీ నీకు రాదురా అన్నామనుకో, ఆడే పార అట్టుకుని కాలవెంట తిరుగుతాడు. ఎక్కడ గడ్డి అడ్డొచ్చినా ఆడే లాగుతాడు. నీ ఇసక తాగే నీరు ఎక్కువా, ఈ మనిసి ఎక్కువా?"

వాళ్లు దేవతలేమీ కారు. ఆ కట్టుబాటులో కూడా తిట్టుకునేవాళ్లు, దొంగచాటుగా తలుపెత్తినవాళ్లు ఉన్నారు. గవరమ్మ నోటికి జడిసి ఆమె తోడికోడలు ఇంకో దారిన పోయేది. అయినా వాళ్ల కాలువ ముక్కలో గడ్డిపోచ లేదు. నిధి లేదు, వరండా లేదు, అధ్యక్షుడు లేడు. ఎవరూ పట్టించుకోకపోవడం వల్ల వాళ్లకు ఒకరినొకరు పట్టించుకోవడం అలవాటైంది. పెద్దపేటలో చచ్చిపోయిందనుకున్న చాటింపు, ఇంకో రూపంలో ఇక్కడ బతికి ఉంది.

ఆకు ముదిరిన ఏడాది

నేను రిటైరవడానికి ముందు ఒక ఏడాది వానలు మొహం చాటేశాయి. గెడ్డలో నీరు పలచన. ఆకుమళ్లలో ఆకు, అంటే నాటడానికి పెంచిన వరి నారు, ముదిరిపోతోంది. వేళకి మడిని నీటితో దున్ని, దమ్ము చేసి నాటకపోతే అది పశువులకే. గవరమ్మ మొగుడు మద్రాసు నుంచి కబురు పెట్టాడు. ఈ ఏడు కూడా పంట లేకపోతే ఇంటికి తాళం పెట్టి వచ్చేయమని, అక్కడ ఇద్దరికీ పనుందని. ఆమెకి అది చావుతో సమానం. ఆ మడి తప్ప తనదని చెప్పుకునేది ఆమెకి ఇంకేదీ లేదు.

ఇసకపాలెం తిట్టుకుంటూ కూర్చోలేదు. పారలు తీసుకుని తమ చివర నుంచి కాలువ తవ్వుకుంటూ ఎగువకి బయల్దేరారు. మధ్య ఊళ్లవాళ్లు మొదట వింత చూశారు, తర్వాత సిగ్గుపడ్డారు, ఆ తర్వాత దిగారు. పెద్దపేట పొలిమేర చేరేసరికి అదో జాతరలా ఉంది. అక్కడ కుర్రాళ్లు గట్టు మీద బళ్లు అడ్డం పెట్టారని నాకు ఫోను వచ్చింది.

నేను వెళ్లేసరికి ఎండ మాడుస్తోంది. "మా ఊరి కాలవలో మీ పారేటి?" అంటున్నాడు ఒక కుర్రాడు.

"మీ ఊరిదైతే మీరే తీయండి నాయనా. మేం గట్టున కూకుని సూస్తాం" అంది గవరమ్మ. కుర్రాళ్ల దగ్గర బళ్లున్నాయి గాని పారలు లేవు. జనం నవ్వారు. ఆ నవ్వుకి వాళ్లకి ఇంకా కోపం వచ్చింది. చెయ్యి చేసుకుంటారేమోనని నేను మధ్యలోకి జరిగాను.

అంతలో ఎవరో నాయుడు గారిని బండి మీద తీసుకొచ్చారు. ఆయన దిగి, కాలువని చూసి, జనాన్ని చూశాడు. "ఏటే గవరమ్మా, మా ఊరి మీద పడినావు?"

"ఊరి మీదకి కాదు మావా, నీరు కాడికొచ్చినాను. ఆకు ముదిరిపోతన్నాది. ఈ పున్నమి లోపు నాటకపోతే నాను మద్రాసు ఎల్లిపోవాల, సిమెంటు తట్ట మొయ్యడానికి."

"నాదేటి, లేతగా ఉన్నాదా?" అన్నాడాయన. "ఆనకట్ట పక్కనే నా మడి. సూస్తే నవ్విపోతారు."

అప్పుడు తెలిసింది జనానికి. పెద్దపేటలో సొంతంగా సాగు చేస్తున్న బుగత ఆయన ఒక్కడే మిగిలాడు. ఆయన ఆకు కూడా అంతే ముదిరిపోయింది. గవరమ్మ కోపం దిగింది.

"అయితే కలిసి తీద్దాం మావా. గానీ తీసినాక నీరు మా లెక్కన పారాల. ఆఖరోడిది ముందు."

ఆ లెక్కన నాయుడు గారి మదుము అన్నిటికన్నా ఆఖరుది. ఆయన ఎగువన తన మడి వైపు చూశాడు. తర్వాత అడిగాడు. "ఈలోగా నా ఆకు సచ్చిపోతే?"

ఆమె అబద్ధం చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. "సావొచ్చు మావా. మాది ఇన్నేళ్లూ అలగే సచ్చినాది."

ఆయన వెనక్కి తిరిగి ఊళ్లోకి నడిచాడు. అయిపోయింది, తలుపులు వేసుకుంటాడనుకున్నాను. నేనూ వెంట వెళ్లాను. ఆయన ఇంటికి పోలేదు. ఇంటింటికీ వెళ్లి పిలవడం మొదలుపెట్టాడు. బుగతల ఇళ్లలో మర్యాదలకి లోటు లేదు. ఒకరు కూలీని పంపుతామన్నారు, ఒకరికి మోకాళ్లు, ఒకరికి ముహూర్తం. ఆయన మొహం చూడలేకపోయాను. ఆ వీధి చివర కౌలురైతుల ఇళ్లున్నాయి. అక్కడ ఒకాయన పార భుజాన వేసుకుని అప్పటికే గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"రమ్మంటే ఎప్పుడో వచ్చీవోళ్లం బుగతా. మమ్మల్ని ఎవులు పిలిసినారు?" అన్నాడు.

నాయుడు గారు ఆయన చెయ్యి పట్టుకున్నాడు. పెద్దపేట నుంచి ఆ రోజు కాలువలో దిగినవాళ్లందరూ ఆ వీధివాళ్లే. వాళ్లతోపాటు పంచె ఎగ్గట్టి ఆయనా దిగాడు. బళ్లు అడ్డం పెట్టిన కుర్రాళ్లలో కొందరు కాసేపటికి పార అరువడిగారు. వీడియో కూడా తీశారు, తీయకుండా ఉంటారా? విరిగిన లైనింగు పలకల్ని మోసి, కన్నాల దగ్గర గట్టుకి పేర్చి మట్టి నింపాం, మదుముల అంచులు నీరు అందేలా కిందికి దించాం. నేను చేసింది మట్టాలు చూడటం, గట్టిగా అరవడం. ఆ రెండూ నాకు బాగా వచ్చు.

ఆఖరు మదుము

కాలువ బాగయ్యాక ఆనకట్ట తలుపు ఎత్తించాను. నీరు ఎక్కడా ఆగకుండా చివరికి బయల్దేరింది. దారిలో మదుములన్నీ మూసే ఉన్నాయి. ప్రతి మదుము దగ్గరా దాని సొంతదారే కాపలా. పొద్దున్నుంచి నాయుడు గారు తన మదుము పక్కన గట్టు మీద తువ్వాలు పరుచుకుని కూర్చున్నాడు. ఎదురుగా ఆయన ఆకుమడి పసుపు తిరిగి వాలిపోతోంది, పక్కనుంచి నీరు పోతోంది. నాకు మనసు ఆగలేదు. "చిటికెడు వదులుకోండి, ఆకు తడవడానికే, ఎవరూ ఏమీ అనరు" అన్నాను. తల అడ్డంగా ఊపాడు.

మర్నాడు మధ్యాహ్నం ఆయన ఫోను మోగింది. గవరమ్మ. ఆయనకి చెవి సరిగా వినపడదు కాబట్టి నేను స్పీకరు పెట్టాను.

"మావా! వచ్చీసినాది! నా మడి నిండినాది! దమ్ముకి దిగిపోతన్నాను!" ఆమె ఏడుస్తోంది, నవ్వుతోంది, వెనక ఆడవాళ్ల కేకలు. "ఇంక ఎవుల వంతుకి ఆలు తలుపెత్తుకోవొచ్చు, ఎగువకి సెప్పీ మావా!"

ఇంక నాలుగైదు రోజుల్లో ఆయన వంతు కూడా వస్తుంది, నారు కొంతైనా దక్కుతుందని మనసులో లెక్క వేసుకుంటున్నాను.

ఆయన ఫోను నోటి దగ్గర పెట్టుకుని అడిగాడు. "అమ్మీ, నీ ఎనకాల ఇంకెవులూ లేరేటి?"

అటువైపు కేకలు ఆగాయి.

"ఉన్నాది మావా" అంది గవరమ్మ, గొంతు తగ్గించి. "దిబ్బ కాడ ఎర్రయ్యమ్మది మడి సెక్క ఉన్నాది. మొన్న మొన్ననే వచ్చినారు ఆలు. కాలవ ఆడదాకా లేదు. మేం ఎప్పుడూ లెక్కెయ్యలేదు."

నా పటంలో కూడా ఆ చెక్క లేదు. ఇన్నేళ్లూ నేను సంతకం పెట్టిన కాగితాలన్నిట్లో ఇసకపాలెమే ఆఖరు.

"అయితే దానికి ఎల్లనీ" అన్నాడు నాయుడు గారు. "బోదె తవ్వండి. నాను ఉంటాను."

వాళ్లు బోదె, అంటే పిల్లకాలువ, తవ్వి, ఇసకలోంచి ఎర్రయ్యమ్మ చెక్కకి నీరు తీసుకెళ్లేసరికి ఇంకో రోజు పట్టింది. ఆ తర్వాతే ఒక్కొక్క మదుమూ ఎత్తుకుంటూ వంతు ఎగువకి తిరిగింది. గవరమ్మ నాటింది. మద్రాసు వెళ్లలేదు, మొగుడే పంట కోతకి వచ్చాడు. నాయుడు గారి ఆకుమడి మాత్రం ఆయన వంతు వచ్చేలోపే చచ్చిపోయింది.

వంతు వచ్చిన రోజు ఆయన నన్ను తలుపు ముట్టుకోనివ్వలేదు. తనే ఎత్తాడు. నీరు ఎండిపోయిన మడిలోకి పోతుంటే ఇద్దరం చూస్తూ నిలబడ్డాం. ఆ నీటితో ఇంకేం నాటుతాడో నాకు అర్థం కాలేదు.

అప్పుడు గట్టు మీద ఆటో ఒకటి ఆగింది. గవరమ్మ దిగింది, వెనకే కౌలురైతులు, మధ్య ఊళ్లవాళ్లు. ఎవరి మడిలో నాటగా మిగిలిన నారు వాళ్లు కట్టలు కట్టి తెచ్చారు. ఆఖరి కట్టతో దిగిన మనిషిని నేను అంతకుముందు చూడలేదు. ఆమె ఎర్రయ్యమ్మట.